వంటింట్లో ప్రమాణం

మార్చి 3. ఉదయం ఐదున్నర.

ప్రార్థన అయింది. నోరు పలుకుతూనే ఉంది, మనసు చెల్లి దగ్గరికి పోయింది. ఎప్పటిలాగే క్షమించమని అడిగాను.

మనుషులు చేసే ప్రమాణాల మీద చెల్లి ఆరేళ్ళుగా రాస్తున్న థీసిస్ చివరికొచ్చి ఆగింది. డీకన్‌స్ట్రక్షన్ అని, ఏ మాటకీ ఒకే స్థిరమైన అర్థం ఉండదనే వాదం మీద రాసిన నాలుగో చాప్టర్ తీసేస్తేనే సంతకం పెడతానన్నాడట గైడ్. డీకన్‌స్ట్రక్షన్ వట్టి మాటల గారడీ అమ్మా, సాహిత్యం వాళ్ళకి వదిలెయ్, భాషా తత్వశాస్త్రంలోకి లాక్కురాకు అన్నాడట.

మార్చి 5.

భోజనాల దగ్గర అడిగాను, అసలు గొడవేమిటే అని. డిపార్ట్‌మెంట్ వాళ్ళ ప్రకారం, మనసులో ఉద్దేశం ఉండి, తగిన చోట పలికితేనే మాట చెల్లుతుంది. నాటకంలో చేసిన ప్రమాణం ఉత్తుత్తిది, లెక్కలోకి రాదు. దాన్నలా పక్కకు నెట్టలేమంటుంది చెల్లి. ఎవరైనా, ఎక్కడైనా మళ్ళీ పలకగలిగితేనే అది ప్రమాణమవుతుందట. నాటకంలో పలకడానికి వీల్లేని మాట కోర్టులోనూ పనికిరాదట.

నేను కోర్టులో సాక్షుల చేత ప్రమాణం చేయించే గుమాస్తాని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అవే రెండు వాక్యాలు. సగం మంది ఆవులిస్తూ పలుకుతారు. అయినా కట్టుబడాల్సిందే. అదే చెప్పాను. అక్కా, మా ప్రొఫెసర్ల కంటే నీ సాక్షులే నయం అని నవ్వి, కంచం తీసుకుని లేచిపోయింది. అన్నం సగం అలాగే ఉంది.

మార్చి 6.

ఆ చాప్టర్ తీయనివ్వను.

మార్చి 8. సాయంత్రం.

వైవాకి ప్రాక్టీస్ చేయిస్తానన్నాను. చెల్లి పొయ్యి పక్కన నిలబడింది. నేను ఎగ్జామినర్ని, స్టూలు మీద. అలవాటు చావదు కదా, కుడిచెయ్యి ఎత్తి నా వెనకే పలకమన్నాను. నిజమే చెబుతాను, నిజం తప్ప మరేదీ చెప్పను. గరిటె పట్టుకున్న చెయ్యే ఎత్తింది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

మొదటి ప్రశ్న వేశాను. నాలుగో చాప్టర్ లేకుండా నీ థీసిస్ నిలుస్తుందా అని.

గరిటె దించింది. నిలవదక్కా అంది. తీసేస్తానని నిన్ననే గైడ్‌కి మెయిల్ పెట్టేశాను అంది. నీకు చెప్పకూడదనే అనుకున్నాను, ఏం ప్రమాణం చేయించావో గానీ నోరు ఆగలేదు అని ఏడ్చింది.

కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుంది. అక్కా, ఇది నాటకమే కదా అంది. అవునన్నాను. మరి పనిచేసిందే అంది. పాలు పొంగిపోయాయి. ఇద్దరం చూడలేదు.

మార్చి 9.

తీయనని ఇంకో మెయిల్ రాసింది. నేను పక్కనే కూర్చున్నాను. పంపేసింది.

మార్చి 30.

మూడు వారాలకు గైడ్ సంతకం పెట్టాడు. మునిగితే నువ్వే మునుగుతావన్నాడట. ఈత వచ్చులెండి సార్ అందట ఇది. నాకు తెలిసి రాదు.

జూన్ 17.

వైవా. బయట బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను.

వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఉదాహరణ అడిగాడట. వంటింటి సంగతి చెప్పిందట. నీ చేత నిజం చెప్పించింది మీ అక్క మీది ప్రేమ, ప్రమాణం కాదమ్మా అన్నాడట. ఆ ప్రేమ ముందురోజు కూడా ఉంది సార్, అయినా చెప్పలేదు అందట. ఆయన సంతకానికి పెన్ను తీశాడట. నేను ఒప్పుకోను, కానీ పాస్ చేస్తున్నాను అన్నాడట.

జూన్ 18. ఐదున్నర.

ప్రార్థన. మనసు ఎటో పోయింది, నోరు ఆగలేదు. ఆవులించే నా సాక్షులు గుర్తొచ్చి, ఈసారి క్షమించమని అడగలేదు. కళ్ళు తెరిస్తే కుడిచెయ్యి ఎత్తి ఉంది.