మీ వదిన చెప్పిన సాక్ష్యం

చెల్లీ,

నువ్వు పోయి ఈ నెలకి ఆరేళ్ళు. మొన్న ఆదివారం మన చీపురుపల్లి చర్చిలో మీ వదిన సాక్ష్యానికి లేచింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చెంగు నిండుగా కప్పుకుని వెనక వరసలో కూర్చునే మనిషి, "నాకు రొమ్ము కేన్సరు వొచ్చినాది. దాసుంటే ఈపాటికి సచ్చిపోదును" అంది. మగవాళ్ళం తలలు దించుకున్నాం.

బయట యేసోబు పెళ్ళాం ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకూ గెడ్డున్నాది వొదినా. ఇంటికాడ బుజం నొప్పని సెప్పినాను."

గెడ్డ మాట దాచి నువ్వు నాతో చెప్పిందీ అదే. నమ్మి, నొప్పి నూనె తెచ్చిచ్చి, ఆ రోజు నా డైరీలో అలాగే రాసుకున్నాను. ఇప్పుడు నీ గొంతే అనుకుని వెనక్కి తిరిగాను.

"మా ఆయనకి ఏటని సెప్పను?" అని ఆ పిల్ల ఏడ్చింది.

"ఈయన సెప్తారు, ఊరుకో" అంది మీ వదిన, నన్ను చూపించి.

జనం వెళ్ళిపోయాక గేటు దగ్గర యేసోబుని ఆపాను.

"ఒరే, నీ పెళ్ళానికి రొమ్ములో గెడ్డున్నాది. రేపే పెద్దాసుపత్రికి తీస్కెళ్ళు."

"అదేటి మావా, అలాటి మాట అనీసినావు?"

మళ్ళీ అన్నాను. వాడికి వినిపించడానికైతే అంత గట్టిగా అనక్కర్లేదు.

అన్నయ్య