లాభం, రెండు, మూడు

సూర్యాపేట,
ఆగస్టు 2014, సోమవారం.

చెల్లె స్వర్ణకు, నీ అక్క దీవెనలు.

ఫోన్లో చెబితే నడుమనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నిన్న పొద్దున రోజూలాగే వాకిలి ఊడ్చి, స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టాను. పాలు కాగాక కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఆదివారం కదా, వాట్సాప్‌లో పిల్లల ఆట. కోదాడ నుంచి తమ్ముడి కొడుకు జితేందర్, మిర్యాలగూడ నుంచి నీ బిడ్డ గోపిక, వాళ్ళ దోస్తులు. వాళ్ళలో ఒకరికి నేను చాటుగా ‘నువ్వు దొంగ’ అని పంపాలి. ఆ దొంగెవరో మిగతావాళ్ళు మాటల్లో పట్టాలి. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే వాళ్ళు బయటికి. నేను అబద్ధమాడనని ఆ పని నాకు అప్పజెప్పారు.

నిన్న దొంగ జితేందర్. పిల్లలేమో గోపిక మీద పడ్డారు.

“సప్పుడు చేయకుండ కూసున్నది సూడు, గదే దొంగ!”

గోపిక ఫోన్ నుంచి జవాబు వచ్చింది. “ఆగుండ్రి, నన్ను ఎంతమంది అంటున్నరో లెక్కపెడత. లాభం, రెండు, మూడు...”

కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చదివాను. గొర్రెలు దొడ్లోకి పోతుంటే బాపు ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. మన ముగ్గురికీ అట్లాగే నేర్పాడు. గోపికకు ఆ లెక్క ఎక్కడిది? అంటే గోపిక ఫోన్ నీ చేతిలో ఉందన్నమాట.

ఇక జితేందర్ ఒక్కడే చెప్పాలి. అతనూ గోపిక పేరే చెబితే ఆమె బయటికి, దొంగ గెలిచినట్టు. చాలాసేపటికి అతని ఫోన్ నుంచి వచ్చింది. “ఆమె కాదు. దొంగను నేనే. నన్ను లెక్కపెట్టు చెల్లె.”

పిల్లలు ఒకటే గోల. “దొంగ ఎవడన్న ఒప్పుకుంటడారా!” “మరదల్ని పట్టుకొని చెల్లె అంటవేందిరో? ఇగ నీ పెండ్లి ఖతం!”

నేను నవ్వలేదు. లేచి దేవుడి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. నువ్వు రాకముందే తమ్ముడు బాపు పాడె ఎత్తించాడని మూడేళ్ళుగా అతని గడప తొక్కలేదు నువ్వు. అతని పేరెత్తితే ఫోన్ పెట్టేస్తావు. అట్లాంటి మీరిద్దరూ పిల్లల పేర్ల చాటున ఒకరికొకరు దొరికారు. దీపంలో ఇంకాస్త నూనె పోశాను చెల్లె.

కాసేపటికి తమ్ముడు ధనుంజయ్ ఫోన్ చేశాడు.

“అక్కా, గది స్వర్ణనే గదా? పోరడు స్నానానికి పోతే ఫోన్ నేను పట్టుకుంటున్న. పిల్లల మాటల్ల దాని ముచ్చట ఏమన్న వస్తదేమోనని. గీ ఆటల గూడ దాన్ని బయటికి పంపుడు నాతోని కాలే.”

అటు గ్రూపులో ‘గోపిక రాస్తున్నది’ అని ఎంతోసేపు కనిపించింది. ఏమీ రాలేదు.

సాయంత్రం తమ్ముడు భార్యను, జితేందర్‌ను తీసుకుని వచ్చాడు. మీ బావ కూడా కూర్చున్నారు. అందరం అనుకున్నది ఇది. ఈసారి బాపు సంవత్సరీకం కోదాడలో కాదు, మిర్యాలగూడలో, నీ ఇంట్లో. మేమంతా వస్తాం. బాపు దొడ్డి దగ్గర నిలబడినట్టు నువ్వు గడపలో నిలబడి మమ్మల్ని లెక్కపెట్టి లోపలికి తీసుకోవాలి.

అందరికంటే ముందు తనే వస్తానన్నాడు తమ్ముడు.

నీ అక్క,
తిరుపతమ్మ