అత్తయ్యగారి ఎర్ర తువ్వాలు

వట్లూరు, బుధవారం.

అత్తయ్యగారికి నమస్కారాలు. నేను కులాసా.

ఫోనులో చెబితే వేళాకోళం అనుకుంటారని కార్డు రాస్తున్నాను. చెవుడున్న పిల్లల తల్లిదండ్రులకి ఇస్తున్న ఈ ట్రైనింగులో నిన్న మేడమ్ గారు, "మీ తనూజని ఇంట్లో ఎలా పిలుస్తారండీ?" అని అడిగారు. మీరు చేపలు పట్టే దోనెలోంచి ఎర్ర తువ్వాలు ఊపి గట్టు మీది పిల్లని పిలిచేవారని, చెవికి మిషను పెట్టించాక ఇంకా ఇదేమిటని నేనే దాన్ని లాక్కున్నానని సిగ్గుపడుతూ చెప్పాను. "అయ్యో, మిషనున్నా ముందు పిల్ల మనవైపు చూడాలి కదండీ! మీ అత్తగారు చేసిందే సరి" అన్నారావిడ. ముప్పైమందిమీ లేచి కండువాలు, కొంగులు ఊపి చూస్తుంటే, అప్పుడే లోపలికొచ్చిన ఆఫీసరు గారు తనకే స్వాగతమనుకుని చెయ్యి ఊపారు!

ఇకమీదట టీచర్లతో, ఆఫీసర్లతో సమానంగా కూర్చుని పిల్లల సంగతి మనమే మాట్లాడాలట. కలిదిండి వైపు తల్లిదండ్రులకి నన్ను లీడర్ని చేశారు. మిషను బ్యాటరీ మార్చారా? పిల్లకి చేప ముళ్లు తీసి పెట్టండి.

ఆదివారం మొదటి మీటింగు మన వాకిట్లోనే. తనూజకి ముద్దులు. పాఠం చెప్పేది మీరేనండీ. తువ్వాలు నా ట్రంకుపెట్టె అడుగున దాచాను, తీసుకోండి.

మీ కోడలు,
జ్యోతి