నీ నాలుగు పుస్తకాలూ మూసేశాను

చిట్టెమ్మా, పాలు కాచి పెట్టాను, తాగు. తడిసిన దుప్పటి నేనొచ్చి ఆరేస్తాను, నువ్వు ముట్టుకోకు.

వాన జల్లు లోపలికి కొడుతుంటే నువ్వు కిటికీలో, మంచం మీద, నా కుట్టుమిషను మీద బోర్లించి పోయిన నాలుగు పుస్తకాలూ మూసి బీరువాలో పెట్టేశాను. ఎక్కడిదాకా చదివావో చూడాలన్న బుద్ధి తర్వాత వచ్చింది. మూడింటిలో నువ్వు ఆపిన చోటు ఆనవాలు దొరికింది, అక్కడ గుడ్డపీలికలు పెట్టాను. పిల్లల్ని వదిలి ఓడలో వంటకి కుదిరిన ఆవిడ కథలో మాత్రం దొరకలేదు. నిన్న నువ్వు చెప్పిన తుఫాను ఎక్కడుందో పట్టుకుందామని మొదటినుంచి చదివాను. ఐదో తరగతిలోనే నన్ను బడి మాన్పించారు కదా, వేలు పెట్టుకుని ఇరవై పేజీలు దాటేసరికి షాపు తెరిచే వేళ మించిపోయింది. తుఫాను ఇంకా రాలేదు.

నెలాఖరుకి పన్నెండు చదువుతానని లైబ్రరీలో పందెం కాశావు. నా మూలంగా ఓడిపోతే నన్నే తిట్టు, పడతాను. నా చదువు మీద ఎవరూ పందెం కాయలేదు గనక ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నాన్న

ఆ ఓడ పుస్తకం నువ్వు ముగించినా వెంటనే తిరిగి ఇచ్చేయకు. ఆవిడ పిల్లల దగ్గరికి చేరిందో లేదో నాకు చెప్పకు, నేనే చదువుతాను.