నీటి బరువు

కల్లావి,
బుధవారం.

అమ్మా వినుతా,

ఫోన్లో చెప్పాలని నాలుగుసార్లు నీ నంబరు నొక్కి, రింగు పోకముందే పెట్టేశాను. ఆస్పత్రికి వచ్చినప్పుడు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఆ వీపుతో మాట్లాడలేక వచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఉగాదికి కొత్త చీర కట్టుకుని హోసూరు నుంచి ఫోటో పంపావు. నేను మన పోచంపల్లి మేకల సంతలో ఉన్నాను. అక్కడ నా సంగతి నీకు తెలుసు కదా, మేకను ఫోటోలో చూపించినా ఎన్ని కేజీలో చెప్పేస్తానని అందరూ నన్ను ఉబ్బేస్తారు. ఆ హుషారులోనే నీ ఫోటో కింద, బంధువులందరూ ఉన్న గ్రూపులో, ‘డెబ్బై రెండు కేజీలు. తప్పితే మీసం తీసేస్తాను’ అని పెట్టాను. మీ చిన్నాయన కేశవప్ప, ‘కంపెనీ మేత బాగా పట్టినట్టుందే’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నువ్వు ఒక్క ఫోటో పంపలేదు. అలిగిందిలే, అదే సర్దుకుంటుంది అనుకున్నాను.

రాత్రిపూట అన్నం మానేశావనీ, షిఫ్టులో కళ్లు తిరిగి పడిపోయావనీ నీ స్నేహితురాలు అముద ఫోన్ చేసేదాకా మాకు తెలియదు. డాక్టరు నీ కాలిమీద బొటనవేలితో నొక్కి చూపించాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఇది కండ కాదు, నీరు, కిడ్నీలు దెబ్బతిన్నాయి అన్నాడు.

సంతలో కొందరు మేకలకు ఉప్పు పెట్టి, కడుపునిండా నీళ్లు తాపి తెస్తారు, బరువుగా కనబడాలని. ముప్పై ఏళ్లలో ఒక్కడూ నన్ను అలా మోసం చేయలేకపోయాడు. కడుపు తట్టి చూడందే బేరం చేయను. నా బిడ్డను మాత్రం ఫోటోలో చూసి లెక్క చెప్పేశాను. ఒంట్లో ఎలా ఉందమ్మా అని ఒక్క మాట అడగలేదు. అన్న మాట ప్రకారం మీసం తీసేశాను. మీ అమ్మ చూసి ఏడ్చిందే గానీ ఎందుకని అడగలేదు.

ఇంటికి రానన్నావట. తిట్టడానికైనా సరే, ఒక ముక్క రాయి.

నీ నాయన,
పిల్లప్ప

హోసూరు,
శుక్రవారం.

నాయనా,

మీసం పెంచుకో. నీ లెక్క తప్పలేదు. ఆ పొద్దే బస్టాండులో మిషనెక్కి చూసుకున్నాను, డెబ్బై రెండున్నర. అంతకు నెల ముందు కంపెనీలో చూసినప్పుడు అరవై. నెలలో పన్నెండు కేజీలు ఎలా పెరుగుతాయని నేనూ ఆలోచించలేదు. చెప్పులు బిగిసినా, పొద్దున్నే కళ్లు ఉబ్బినా తిండి ఎక్కువైందనే అనుకున్నాను. నలుగురిలో పోయిన పరువే కనిపించింది గానీ జబ్బు కనిపించలేదు. డాక్టరు దగ్గరికి పోదామని అముద రెండుసార్లు బతిమాలింది. ‘ఆడ కూడా తూకమే కదా వేసేది, నేను రాను’ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

నేను గోడవైపు తిరిగింది కోపంతో కాదు నాయనా. ఆ ఉబ్బిన మొహం చూసి మళ్లీ ఎన్ని కేజీలని లెక్క వేస్తావోనని భయపడ్డాను.

మందులు పనిచేస్తున్నాయి. కిడ్నీలు పూర్తిగా బాగుపడతాయో లేదో ఆరు నెలలు పోతేగానీ చెప్పలేమన్నారు. నిన్న మళ్లీ తూకం వేశారు. ఎంతో నీకు చెప్పను. ఫోటో కూడా పంపను. ఈ ఆదివారం సంత మానుకుని రా. వచ్చి పక్కన కూర్చుని, ముందు ఎలా ఉన్నావని అడుగు.

నీ కూతురు,
వినుత