దరఖాస్తులో దిద్దిన మాట

నాన్నా, ఫోనులో నీకు వినబడదని కార్డు రాస్తున్నాను. జకార్తాలో కులాసాగానే ఉన్నాను.

వెబ్ సిరీస్‌లో నాది పనిమనిషి వేషం. మిగతావాళ్ళంతా నటన కాలేజీల్లో చదివారు. నిన్న యజమానురాలు నన్ను గెంటేసే సీను. మన జావా ఊళ్ళలో ఆడే కెతోప్రాక్ నాటకాల్లో రాజు ముందు చేసినట్టే, గొంతుక్కూర్చుని, ముఖం ఆమెవైపే ఉంచి వెనక్కి జరిగాను. అందరూ నవ్వారు.

"పీతలా ఏంటమ్మా ఆ నడక?" అంది డైరెక్టర్ రెత్నో.

"దొరలకి వీపు చూపకూడదండీ. మా నాన్న నేర్పాడు. ముప్పై ఏళ్ళు సేవకుడి వేషాలే వేశాడు."

ఆవిడ కెమెరా వాళ్ళ వైపు తిరిగింది. "అలాగే ఉంచండి" అంది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వేషాల పెట్టె ఎవరికీ ఇచ్చేయకు.

ఈ వేషం కోసం ఇచ్చిన దరఖాస్తులో 'నటన ఎక్కడ నేర్చుకున్నారు?' అన్నచోట మొదట 'ఎక్కడా నేర్చుకోలేదు' అని రాశాను. ఇవాళ ఆ కాగితం అడిగి తీసుకుని, అది కొట్టేసి నీ పేరు రాశాను. మన్నించు.

మీ ఇద్దరికీ దండాలతో,
సుమినార్