గేదెలు మూడు, మనిషి ఒక్కడు

ఇందుకూరుపేట మండలం,
మార్చి 3

సర్వే ఆఫీసు ఉషారాణి గారికి,

నమస్కారం. నేను జకరయ్యను. బిట్రగుంటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరై, రెండెకరాల వరితో, మూడు గేదెలతో బతుకుతున్నాను. తిండి వల్ల, సేద్యం వల్ల ఏ ఇంట్లో మనిషికి ఎంత చొప్పున భూమిని వేడెక్కించే వాయువులు వస్తున్నాయో లెక్కగట్టి, పంచాయతీ గోడకు బోర్డు తగిలించారు. అందులో మొదటి పేరు నాది. తలకి తొమ్మిది టన్నులు. పక్కనే రొయ్యల గుంటలు తవ్వి నా చేను చవుడు చేసిన చంద్రమౌళికి ఐదే. పైగా పచ్చ రంగు.

నేనూ నాలుగు పుస్తకాలు చదివాను. పశువులు ఎక్కువ, మనుషులు తక్కువ కాబట్టి న్యూజిలాండుకు తలసరి కొండంత వస్తుంది. మన దేశంలో పశువులెన్ని ఉన్నా తినే నోళ్ళు ఎక్కువ, తలసరి తగ్గిపోతుంది. నా ఇల్లు న్యూజిలాండు. చంద్రమౌళి ఇల్లు ఇండియా. కానీ ఆయన భార్య తడలో కూతురి దగ్గరుంటుంది. ఇంట్లో ఉండేది ఆయనొక్కడే. ఆయన నింపిన ఫారంలో పన్నెండు మంది ఎక్కడి నుంచి వచ్చారు?

విసిగిపోయిన
జకరయ్య

తా.క.: నా పేరు పక్కన "గేదెలను అమ్మడం మంచిది" అని రాశారు. అవి పోయిన నా భార్య అబిగయీలు పెంచినవి. వాటికి చదువు రాదు కాబట్టి సరిపోయింది.

నెల్లూరు,
మార్చి 12

జకరయ్య గారికి,

నమస్కారం. మీ ఇల్లు న్యూజిలాండు అని తెలిపారు. మా సర్వే నెల్లూరు జిల్లాకే పరిమితం. నివాస ధ్రువపత్రం పంపగలరు.

మధ్యాహ్నం ఎవరు ఏ ఇంట్లో తింటే ఆ ఇంటి మనిషే అన్నది మా నిబంధన. చంద్రమౌళి గారు తమ ఇంట్లో పదకొండు మంది పనివాళ్ళు తింటారని రాశారు. అందుకే ఆ ఇంటి మొత్తం అరవై టన్నులను పన్నెండుతో భాగించాం.

ఇట్లు,
ఉషారాణి

తా.క.: మూడు గేదెల పాలూ మీరొక్కరే తాగుతున్నట్టు నమోదైంది. ఆరోగ్యం జాగ్రత్త.

మార్చి 20

ఉషారాణి గారికి,

ధ్రువపత్రం జతచేశాను. ఇందుకూరుపేట ఇంకా ఇండియాలోనే ఉంది.

ఆ పదకొండు మందీ క్యారియర్లు తెచ్చుకుని నా గట్టు మీద కూర్చుని తింటారు. చంద్రమౌళి మంచినీళ్ళు కూడా పోయడు. వాళ్ళ మేస్త్రీ ఏసుమణిని పిలిచాను.

"రేపటి నుంచి మా ఇంట్లో తింటారా?"

"ఊరకనే పెడతావా పెద్దాయనా? ఏందో మతలబుంది."

"ఉంది. తిన్నాక చెప్తా."

అబిగయీలు పోయాక అటకెక్కిన పెద్ద దబరా దించాను. అన్నం, పప్పు, కడవెడు మజ్జిగ. నడుం పట్టేసింది. వారం నుంచి రోజూ వస్తున్నారు. సంతకాలు జతచేశాను. నా ఇంటికి పన్నెండని దిద్దుకోండి.

ఓపిక అయిపోయిన
జకరయ్య

తా.క.: మజ్జిగ చాల్లేదని గొడవ చేసినారు. గేదెలు తక్కువైనట్టున్నాయి.

ఏప్రిల్ 2

జకరయ్య గారికి,

దిద్దాం. మీకిప్పుడు తలకి ముప్పావు టన్ను, పచ్చ రంగు. ఒక మనిషిని రెండిళ్ళలో లెక్కించలేం కనుక ఆ పదకొండు మందిని చంద్రమౌళి గారి ఇంట్లోంచి తీసేశాం. ఆయనకు తలకి అరవై టన్నులు. బోర్డులో మొదటి పేరు ఆయనదే.

ఇట్లు,
ఉషారాణి

తా.క.: ఆయన ఫోన్లో కేకలేశారు. మీ ఇంటికి వస్తున్నారట. గడియ పెట్టుకోండి.

ఏప్రిల్ 9

ఉషారాణి గారికి,

గడియ పెట్టలేదు. పదకొండు మంది వచ్చీపోయే ఇల్లు. చంద్రమౌళి సరిగ్గా వాళ్ళు తినే వేళకు వచ్చాడు.

"నా మనుషులకు కూడు పెట్టి నా పరువు తీసినావే, జకరయ్యా!" అన్నాడు.

"నీ మనుషులైతే నువ్వే పెట్టి ఉండాల్సింది, చంద్రమౌళీ!" అన్నాను.

ఏసుమణి కొంచెం జరిగి చోటిచ్చాడు. చంద్రమౌళికి హోటలు పార్సిళ్ళతో నోరు చచ్చిపోయిందంట. కూర్చున్నాడు. మజ్జిగ రెండుసార్లు అడిగాడు. మర్నాడు పిలవకుండానే వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు.

ఇరవై ఏళ్ళ పగ. ఇప్పుడు తీర్చుకున్నానో, వడ్డించానో నాకే తెలియడం లేదు. ఆలోచించే ఓపిక లేదు, గిన్నెలు తోమాలి. ఆ గేదెల వాక్యం మాత్రం చెరిపేయండి.

ఇట్లు, చేతులు తడిగా ఉన్న
జకరయ్య

తా.క.: నిబంధన నిబంధనే. నా ఇంటికి పదమూడు వేసుకోండి. చంద్రమౌళి ఇంట్లో ఇక తినేవాళ్ళు సున్నా. అరవై టన్నులు అలాగే ఉన్నాయి. భాగించి, ఎంత వచ్చిందో తెలియజేయగలరు.